మోటార్ కింద నీళ్లు కారుతున్నాయి. సీల్ మార్చాలా, మోటారే మార్చాలా?

కోదాడ కుర్రాడు

అందరికీ నమస్కారం. కోదాడలో మా అమ్మానాన్నల ఇంట్లో ఉన్న సంపు మోటార్ గురించి అడుగుతున్నా. నేను హైదరాబాద్‌లో ఉంటా, అక్కడ ఏం జరిగినా నాన్న వాట్సాప్‌లో వీడియో తీసి పంపుతారు, అందులో సగం ఆయన చెప్పులే కనిపిస్తాయి, అయినా నాకు అర్థమైనంత వరకు చెబుతా.

అర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటార్, అంటే పంపు, మోటార్ కలిసి ఒకే ముక్కగా ఉండేది. 2013లో ఇల్లు కట్టినప్పుడు పెట్టించాం. సంపులోంచి రెండో అంతస్తు పైన ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కిస్తుంది. సంపులోకి మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వస్తాయి, మా వీధికి రోజు విడిచి రోజు, ఎండాకాలం చాలకపోతే బోరు నీళ్లు కూడా అందులోకే వదులుతాం.

రెండు నెలల క్రితం మోటార్ కింద దిమ్మె మీద తడి కనిపించింది. అప్పుడు చుక్కచుక్కగా ఉండేది, ఇప్పుడు మోటార్ నడుస్తున్నంతసేపు సన్నటి దారలా కారుతోంది. ఆపాక కూడా పావుగంట వరకు చుక్కలు పడుతూనే ఉంటాయట. అమ్మ కింద ఒక స్టీలు గిన్నె పెట్టింది, ట్యాంకు నిండేలోపు ఆ గిన్నె నిండిపోతుంది, ఆ నీళ్లు తీసుకెళ్లి కరివేపాకు చెట్టుకి పోస్తోంది. నీళ్లు వృథా కావట్లేదు కదా అని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన నెల నాన్న ఎం సీల్ (సందులు పూడ్చే ముద్ద) తెచ్చి, నీళ్లు కారే సందుని శుభ్రంగా మూసేశారు. నాలుగు రోజులు ఆగింది, అందరూ సంతోషించారు, ఐదో రోజు నుంచి మోటార్ ఇదివరకు లేని ఒక గుర్రుమనే శబ్దం చేస్తోంది, నీళ్లేమో మళ్లీ ఇంకో వైపు నుంచి మొదలయ్యాయి.

మొన్న ఒక మెకానిక్‌ని పిలిచాం. విప్పలేదు, చేత్తో తాకి చూసి, స్విచ్ వేసి ఆపి, కేసింగ్ (పంపు బయటి డొప్ప) పోయిందండీ, బాగుచేసినా నిలవదు, కొత్తది 1 హెచ్‌పీ పెట్టుకోండి, బిగింపుతో కలిపి ఆరున్నర వేలు, పాతది నేను తీసుకెళ్తా అన్నాడు. రెండు నిమిషాల్లో తేల్చేశాడు. నాన్న సరే అనబోతుంటే నేను ఆగమన్నాను.

నా ప్రశ్నలు. 12 ఏళ్ల మోటార్‌ని బాగుచేయించడం దండగా? నీళ్లు కారడానికి, ఆ శబ్దానికి సంబంధం ఉందా? కొత్తది కొనక తప్పదంటే 1 హెచ్‌పీ అవసరమా?

గోడ మీది బల్లి

అన్నా, విప్పకుండా కేసింగ్ పోయిందని చెప్పగలిగాడంటే ఆయన మెకానిక్ కాదు, జ్యోతిష్యుడు. పాత మోటార్‌లో రాగి ఉంటుంది, అది తీసుకెళ్తా అన్నప్పుడే అర్థం కావాలి. సరే, ఆయన్ని వదిలేద్దాం.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోండి, మిగతాదంతా తర్వాత. నీళ్లు ఒకచోట పుట్టి, ఇంకోచోటికి జారి, వేరేచోట చుక్కగా పడతాయి. చుక్క పడేచోటు చూసి మందు వేస్తే లాభం లేదు. మోటార్ ఆపి, ప్లగ్ పీకేసి, మొత్తం పొడి గుడ్డతో తుడవమనండి. ఇప్పుడు పైపు జాయింట్ల మీద, పంపు ముందు మూత చుట్టూ కొంచెం ముగ్గుపిండి అద్దాలి. మోటార్ వెనక ఫ్యాన్ ఉన్న వైపు మాత్రం వద్దు, లోపలికి లాగేస్తుంది. ఇప్పుడు ఆన్ చేసి చూస్తే పిండి ఎక్కడ ముందు తడిసిందో అదే చోటు. మా పెద్దమ్మ గ్యాస్‌కి సబ్బు నురగ పెట్టినట్టే ఇది కూడా.

పైన నీళ్లు బయటికి వెళ్లే పైపు జాయింట్‌లో లీకు ఉంటే, నడుస్తున్నప్పుడు చిమ్ముతుంది. సంపు వైపు, అంటే నీళ్లు లాగే పైపు జాయింట్‌లో ఉంటే నడుస్తున్నప్పుడు ఒక్క చుక్క కూడా బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది, ట్యాంకు దగ్గర నీళ్లు దగ్గుతూ పడతాయి, ఆపాక మాత్రం అక్కడ చుక్కలు కారొచ్చు. ముందు మూత చుట్టూ తడిస్తే గ్యాస్‌కెట్, అంటే మూత కింద నీళ్లు కారకుండా వేసే పలుచటి పొర. ఇవేవీ కాకుండా పంపుకి, మోటార్‌కి మధ్య ఉన్న సందులోంచి వస్తుంటే మెకానికల్ సీల్. మీరు చెప్పింది చూస్తే తొంభై పాళ్లు అదే అనిపిస్తోంది.

కాయిల్ చుట్టేవాడు

తమ్ముడూ, నాది ఖమ్మంలో రివైండింగ్ షాపు, ఇరవై ఏళ్లుగా ఇదే పని. పైనాయన సరిగ్గా చెప్పాడు, అది సీలే. కానీ ఆ ఎం సీల్ సంగతి చదివాక నాకు అసలు భయం దాని గురించే పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

పంపుకి, మోటార్‌కి మధ్య అడుగున ఉండే ఆ సందు పొరపాటున వచ్చిన పగులు కాదు. కంపెనీవాడు కావాలని వదిలింది. లోపల షాఫ్ట్, అంటే తిరిగే కడ్డీ, మోటార్‌లోంచి వచ్చి పంపులోకి వెళ్తుంది కదా, అక్కడ నీళ్లు వెనక్కి రాకుండా మెకానికల్ సీల్ అడ్డుంటుంది. అందులో రెండు బిళ్లలు, ఒకటి షాఫ్ట్‌తో తిరిగే కార్బన్, ఇంకోటి కదలకుండా కూర్చునే తెల్లటి సిరామిక్. వెనక ఒక స్ప్రింగ్ ఆ రెండింటినీ అద్దం మీద అద్దం పెట్టినట్టు ఒత్తి పట్టుకుంటుంది. ఈ బిళ్లలు అరిగితే నీళ్లు దాటి వస్తాయి. వచ్చిన నీళ్లు మోటార్‌లోకి పోకుండా కిందికి పడిపోవాలనే ఆ సందు. షాఫ్ట్ మీద ఒక రబ్బరు రింగు కూడా ఉంటుంది, దాటివచ్చిన నీళ్లని పక్కకు విసిరికొట్టడమే దాని పని.

మీ నాన్నగారు ఆ దారి మూసేశారు. ఇంక నీళ్లు ఎటు పోతాయి? బేరింగ్‌లోకి. నాలుగు రోజులకు శబ్దం మొదలైందంటే అదే, బేరింగ్‌లో గ్రీజు కొట్టుకుపోయి తుప్పు పట్టింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే నీళ్లు వైండింగ్‌లోకి, అంటే లోపలి తీగ చుట్టలోకి వెళ్తాయి, అప్పుడు నిజంగానే మోటార్ పోతుంది. ఈరోజే ఆ ఎం సీల్ పీకేయమనండి. కారితే కారనివ్వండి, గిన్నె ఉంది కదా.

ఇక ఖర్చు. అర హెచ్‌పీకి సీల్ మా షాపులో 150 నుంచి 250 మధ్య. బేరింగ్‌లు రెండు, నంబరు వాటి మీదే ఉంటుంది, చిన్న మోటార్లకు ఎక్కువగా 6201 గానీ 6202 గానీ వస్తుంది, మంచివి పెడితే రెండూ కలిపి 300 దాకా. కూలి నేనైతే 400 తీసుకుంటా. వెయ్యి లోపల తేలిపోయే పని. వైండింగ్ కూడా పోతే రాగి తీగతో చుట్టడానికి 1500 పైన అవుతుంది, అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించొచ్చు.

ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. సంపు ఎప్పుడైనా ఖాళీ అయ్యి మోటార్ వట్టిగా తిరిగిందా? ఎందుకంటే మంచినీళ్లతో నడిచే సీల్ ఊరికే పోదు.

ఎర్త్ వైరు

అందరూ సీల్ గురించి మాట్లాడుతున్నారు, బాగుంది. అమ్మగారు రోజూ తడి దిమ్మె దగ్గరకి వెళ్లి గిన్నె తీస్తున్నారు అన్నారు. మోటార్ ఆన్‌లో ఉండగానా? చెప్పులు లేకుండానా? నీళ్లు వైండింగ్‌ని తాకితే మోటార్ బాడీకి కరెంటు వస్తుంది, ఎర్త్ సరిగా లేకపోతే ఆ కరెంటు ఎవరు ముట్టుకుంటే వాళ్లలోంచి పోతుంది.

ఈరోజే చెప్పండి, ప్లగ్ పీకాకే గిన్నె ముట్టుకోవాలి. స్విచ్ ఆపడం చాలదు, పాత ఇళ్లలో కొన్నిచోట్ల స్విచ్ న్యూట్రల్ మీద ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో పైన లావు పిన్నుకు వైరు నిజంగా ఉందో లేదో విప్పి చూడమనండి. మా ఇంట్లో పదేళ్లు ఆ పిన్నుకు ఏమీ లేదు, ఖాళీ. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే మోటార్ కంటే ముందు అది పెట్టించండి. బాగుచేసే షాపువాడిని మెగ్గర్ (వైండింగ్ నుంచి బాడీకి కరెంటు లీకవుతుందా అని కొలిచే మీటరు) పెట్టి చూడమనండి, రీడింగు 1 మెగాఓమ్ కంటే తక్కువుంటే వైండింగ్‌లో తడి చేరినట్టే.

కోదాడ కుర్రాడు

ఎర్త్ వైరు గారూ, మీది చదివి వెంటనే అమ్మకి ఫోన్ చేశా. ఆన్‌లో ఉండగానే గిన్నె మారుస్తోందట. ఇన్నాళ్లు ఏం కాలేదుగా అంటోంది. గట్టిగానే చెప్పాను, నాన్న ప్లగ్ పీకేశారు. ఈ రెండు రోజులకి పక్కింటి వాళ్ల పైపుతో సర్దుకుంటామన్నారు.

ముగ్గుపిండి పరీక్ష చేశారు. నాన్న అద్దితే అమ్మ నవ్వుతూ వీడియో తీసింది. జాయింట్లు, ముందు మూత అన్నీ పొడిగానే ఉన్నాయి, మధ్య సందు దగ్గరే తడిసింది. ఎం సీల్ కత్తితో పీకేస్తే లోపల్నుంచి గోధుమ రంగు నీళ్లు ఒక అరగ్లాసు పడ్డాయట.

కాయిల్ అన్నా, మీరు అడిగినదానికి సమాధానం. మార్చి, ఏప్రిల్‌లో సంపు నాలుగైదు సార్లు ఖాళీ అయిందట. నాన్న మోటార్ వేసి కుర్చీలో కూర్చుంటే కునుకు పడుతుంది. ఇంతకుముందు రేడియోలో వార్తలు, ఆ తర్వాత రెండు పాటలు అయ్యేసరికి ట్యాంకు నిండి పైనుంచి నీళ్లు పడేవి, ఆ చప్పుడుకి లేచేవారు. సంపు ఖాళీ అయితే పైన చప్పుడు రాదు, ఆయన లేవరు. ఒకసారి గంటన్నర తిరిగిందట. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

కాయిల్ చుట్టేవాడు

అదీ సంగతి. గంటన్నర తిరిగినా వైండింగ్ నిలిచిందంటే అది మంచి మోటారే, అమ్మొద్దు.

ఆ రెండు బిళ్లల మధ్య కంటికి కనపడనంత పలుచటి నీటి పొర ఉంటుంది, అదే వాటికి నూనె లాంటిది. నీళ్లు లేకపోతే కార్బన్, సిరామిక్ ఒకదానికొకటి పొడిగా రాసుకుని ఒకట్రెండు నిమిషాల్లోనే కాలిపోయేంత వేడెక్కుతాయి. అప్పుడు ఎవరో వచ్చి, అయ్యో నీళ్లు లేవే అని బకెట్‌తో చల్లటి నీళ్లు పోస్తారు. వేడి మీదున్న సిరామిక్ టప్‌మని పగులుతుంది. పొయ్యి మీంచి దింపిన గాజు గ్లాసులో చన్నీళ్లు పోసినట్టే. అందుకే కొత్త సీల్ వేయించాక, పని చేస్తుందో లేదో చూద్దామని నీళ్లు నింపకుండా ఒక్కసారి కూడా తిప్పొద్దు. షాపులో కొందరు కుర్రాళ్లు బల్ల మీదే పెట్టి తిప్పి చూపిస్తారు, వద్దని చెప్పాలి.

ఆపాక కూడా కారుతోందని మొదట రాశావు, అది ఎందుకో ఎవరూ చెప్పలేదు. సంపులో పైపు చివర ఫుట్ వాల్వు ఉంటుంది, అది నీళ్లని వెనక్కి పోనివ్వదు. కాబట్టి మోటార్ ఆపినా డాబా దాకా ఉన్న పైపు నిండుగా నీళ్లుంటాయి, ఆ బరువంతా సీల్ మీదే. పది మీటర్ల ఎత్తుంటే చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి. పైపు ఖాళీ అయ్యేదాకా కారుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. మీ ఇంట్లో పావుగంట కారిందంటే ఫుట్ వాల్వు ఇంకా ఎంతో కొంత పట్టుకుంటోందని లెక్క.

బెజవాడ అక్క

నేను మెకానిక్‌ని కాదు, స్కూల్లో సైన్స్ చెబుతా. కరోనా లాక్‌డౌన్‌లో మాకు ఇదే సమస్య వచ్చింది, ఎవరూ రాని రోజులు, తెలిసిన హార్డ్‌వేర్ షాపాయన షట్టర్ సగం ఎత్తి సీల్ ఇచ్చాడు, వీడియోలు చూసి నేనే మార్చాను. తర్వాత ఇప్పటికి రెండుసార్లు మార్చా. మీ బేరింగ్ కూడా పోయింది కాబట్టి షాపుకే ఇవ్వండి, కానీ పక్కన నిలబడి చూసేటప్పుడు ఏం చూడాలో తెలియాలి కదా, నేను చేసిన తప్పులన్నీ చెబుతా.

పాత సీల్ పట్టుకెళ్లకుండా వెళ్తే షాపువాళ్లు ఏదో ఒకటి ఇచ్చేస్తారు. సైజు షాఫ్ట్ మందాన్ని బట్టి ఉంటుంది, అర మిల్లీమీటరు తేడా ఉన్నా పనికిరాదు. మొదటిసారి నేను రెండు చక్కర్లు కొట్టా.

ముందు మూత బోల్టులు విప్పితే ఇత్తడి ఇంపెల్లర్, అంటే నీళ్లని తోసే చక్రం కనిపిస్తుంది, అంచుల్లో చిన్న చిన్న పళ్లు ఉంటాయి. నీళ్లలో సున్నం ఎక్కువైతే తెల్లగా గార పట్టి షాఫ్ట్‌కి అతుక్కుపోతుంది. దాన్ని సుత్తితో కొట్టొద్దు. ఒక పక్క మాత్రమే స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే వంగుతుంది, రెండు వైపులా రెండు పెట్టి సమానంగా లేపాలి. నేను రాత్రంతా అక్కడ కొంచెం నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు పోసి వదిలేశా, పొద్దున తేలిగ్గా వచ్చింది.

దాని వెనకే సీల్. సిరామిక్ బిళ్ల నున్నటి ముఖం కార్బన్ వైపు ఉండాలి, నేను మొదటిసారి తిరగేసి పెట్టా. ఆ ముఖాల మీద వేలు పెట్టొద్దు, గ్రీజు పూయొద్దు. రబ్బరు జారడానికి సబ్బు నీళ్లు చాలు. షాఫ్ట్ మీద సీల్ కూర్చునే చోట తుప్పు ఉంటే సన్న ఎమరీ పేపర్‌తో గుండ్రంగా రుద్దాలి, అక్కడ గుంటలు పడి ఉంటే మాత్రం కొత్త సీల్ వేసినా రబ్బరు కిందనుంచి కారుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు గ్యాస్‌కెట్. ముందు మూతకి ఉండే పలుచటి కాగితం గ్యాస్‌కెట్ చిరిగిపోతే మా పక్కింటాయన సలహాతో సైకిల్ ట్యూబు కత్తిరించి వేశా. ఒక్క చుక్క కారలేదు, కానీ ట్యాంకు నిండడానికి ముప్పావుగంట పట్టేది కాస్తా రెండు గంటలైంది. తర్వాత తెలిసింది ఏంటంటే ఈ చిన్న పంపుల్లో ఇంపెల్లర్‌కి, మూతకి మధ్య సందు వెంట్రుక మందం ఉంటేనే ఒత్తిడి పుడుతుంది, గ్యాస్‌కెట్ మందం పెరిగితే ఆ సందు పెరిగి నీళ్లు లోపలే గిరగిరా తిరుగుతాయి. అదే మందం గ్యాస్‌కెట్ తెచ్చి వేస్తే మామూలైంది. బోరు నీళ్లలో ఇసుక వస్తే ఈ పంపులు తొందరగా పోవడానికి కూడా ఆ సన్న సందే కారణం.

పాత మోటార్ బాధితుడు

అందరూ బాగుచేయించు అంటున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతా, కోప్పడకండి. మాది రాజమండ్రి. 2009 నాటి మోటార్. మొదట సీల్ 500 అయింది. ఎనిమిది నెలలకు మళ్లీ సీల్. ఆ తర్వాత బేరింగ్, కెపాసిటర్. నాలుగోసారి వైండింగ్. అన్నీ కూడితే నాలుగున్నర వేలు దాటింది, పైగా నాలుగుసార్లూ రెండేసి రోజులు ఇంట్లో నీళ్లు లేవు, మా అత్తగారి చేత మాటలు పడ్డాను, దానికి ఎవరు రేటు కడతారు. చివరికి కొత్తది కొన్నా. మొదటిసారే కొని ఉంటే మనశ్శాంతి ఉండేది.

నా లెక్క ఇది. షాఫ్ట్ గుంటలు పడినా, ఇంపెల్లర్ పళ్లు అరిగి మొండిగా అయినా, పంపు లోపలి గోడ గీతలు పడినా సీల్ మార్చడం కొన్నాళ్ల ముచ్చటే. విప్పాక ఆ మూడూ చూడండి. మూడూ బాగుంటే నేను కూడా బాగుచేయించు అనే అంటా.

కొత్తది కొనాల్సి వస్తే మాత్రం ఆ 1 హెచ్‌పీ మాట వినొద్దు. రెండంతస్తుల ఇంటికి, పది పన్నెండు మీటర్ల ఎత్తుకి అర హెచ్‌పీ ధారాళంగా సరిపోతుంది, మీకు 12 ఏళ్లుగా సరిపోయింది కదా, ఇల్లేమైనా ఎత్తు పెరిగిందా? మోటార్ మీద రేకు ఉంటుంది, అందులో హెడ్ అని మీటర్లలో, ఎంత ఎత్తుకి ఎన్ని లీటర్లు అనేది రాసి ఉంటుంది, మీ ఎత్తు ఆ రేంజ్ మధ్యలో పడేది చూసుకోండి. ఐఎస్ఐ మార్కు, రాగి వైండింగ్ చూడండి, అల్యూమినియం వైండింగ్‌వి చవకగా వస్తాయి, తర్వాత తిరిగి చుట్టడానికి షాపులవాళ్లు ఇష్టపడరు.

ఇంకో దారి కూడా ఉంది. సంపులోనే మునిగి ఉండే ఓపెన్‌వెల్ మోటార్. ఫుట్ వాల్వు గొడవ లేదు, నీళ్లు పోసి ప్రైమింగ్ చేయక్కర్లేదు, చప్పుడు రాదు. కానీ ధర ఎక్కువ, చెడితే బయటికి లాగడం ఒక పని, సంపు ఖాళీ అయితే అది కూడా పోతుంది. కునుకు తీసే నాన్నగారికి ఏ మోటారైనా ఒకటే.

గోడ మీది బల్లి

ఆ చివరి మాటకి నా లైకు. అన్నా, సంపులో ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. నీళ్లు కిందికి పోగానే మోటార్ ఆగుతుంది. స్విచ్, వైరు, బిగించినందుకు అన్నీ కలిపి మాకు 900 అయింది. పైన ట్యాంకుకీ, కింద సంపుకీ కలిపి నడిచే ఆటోమేటిక్ కంట్రోలర్లు కూడా ఉన్నాయి, అవి ఇంకొంచెం ఎక్కువ.

ఇంకో మాట, నల్లాలో నీళ్లు తక్కువొస్తున్నాయని మీవాళ్లు ఎవరైనా మోటార్‌ని నేరుగా నల్లా పైపుకి తగిలిస్తే అది సీల్‌కి మహా చెడ్డ పని, గాలి నీళ్లు కలిసి వస్తాయి. అది నిబంధనలకు కూడా విరుద్ధం, హైదరాబాద్‌లో వాటర్ బోర్డు వాళ్లు మోటార్లు ఎత్తుకెళ్లడం చూసే ఉంటారు.

కాయిల్ చుట్టేవాడు

రాజమండ్రి అన్నతో ఒక్కచోట నాకు పేచీ ఉంది. ఎనిమిది నెలలకే సీల్ పోయిందంటే ఆ సీల్ తప్పు కాదు, కారణం చూడకుండా సీల్ మార్చారు. షాఫ్ట్ ఊగుతూ ఉంటే, అంటే బేరింగ్ లూజుగా ఉంటే ఎంత మంచి సీల్ అయినా నిలవదు. మొదటిసారే సీల్‌తో పాటు బేరింగ్ వేసి ఉంటే ఆయనకి రెండు మూడేళ్లు వచ్చేవి. షాపుకి వెళ్లినప్పుడు షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి, ఏమాత్రం కదిలినా బేరింగ్ మార్చమని అడగండి. తిప్పితే గరగరమన్నా అంతే.

ఇంకోటి, చాలామందికి తెలియదు. ఈ చిన్న పంపుల్లో పైన వాల్వు మూసి మోటార్ వేయకూడదు. పొలం దగ్గర సెంట్రిఫ్యూగల్ మోటార్లకు వాల్వు మూసి స్టార్ట్ చేస్తారు, లోడు తగ్గుతుంది. ఈ ఇత్తడి పళ్ల పంపుల్లో తిరకాసు, వాల్వు మూస్తే లోడు పెరుగుతుంది. వ్యవసాయం చేసిన పెద్దవాళ్లు అలవాటు మీద ఇంట్లో కూడా అలాగే చేస్తారు, సీల్, వైండింగ్ రెండూ దెబ్బతింటాయి. మీ నాన్నగారు ఏం చేస్తారో కనుక్కో.

కోదాడ కుర్రాడు

శనివారం ఊరికి వెళ్లొచ్చా, ఏం జరిగిందో చెబుతా.

ముందు ప్లగ్ విప్పి చూశా. ఎర్త్ పిన్నుకు వైరు ఉంది, కానీ గోడలో సాకెట్ వెనక ఊడిపోయి వేలాడుతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది బిగించి, ఆర్‌సీసీబీ పెట్టించా.

మోటార్‌ని బైక్ మీద పెట్టుకుని కోదాడలోనే ఒక రివైండింగ్ షాపుకి తీసుకెళ్లా. ఆయన పేపర్ చదువుతూనే సీల్ అన్నాడు, విప్పుతుంటే పక్కనే నిలబడ్డా, ఒకటికి రెండు ప్రశ్నలు అడిగేసరికి నువ్వు ఎక్కడ పని చేస్తావు బాబూ అని అడిగాడు. కార్బన్ రింగు అంచు మీద గోరంత ముక్క ఎగిరిపోయి ఉంది. సిరామిక్ బిళ్లని వెలుతురుకి పెట్టి చూపించాడు, ఈ చివరి నుంచి ఆ చివరికి వెంట్రుక లాంటి పగులు. వెనక బేరింగ్ బాగానే ఉంది, ముందుది తిప్పితే ఇసుక నమిలినట్టు శబ్దం, గ్రీజంతా తుప్పుతో కలిసి ఇటుక రంగులో పేస్టులా అయిపోయింది. షాఫ్ట్ మీద తుప్పు ఉంది కానీ గుంటలు లేవు, ఎమరీ పెడితే మెరిసింది. ఇంపెల్లర్ పళ్లు పదునుగానే ఉన్నాయి. మెగ్గర్ రీడింగు 0.8 వచ్చింది. ఎండలో ఒక పూట పెట్టి, తర్వాత ఒక బల్బు పక్కన రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే 20 దాటింది. వైండింగ్ బతికిపోయింది.

సీల్ 180, రెండు బేరింగ్‌లు 320, గ్యాస్‌కెట్ 30, కూలి 350. మొత్తం 880. గ్యాస్‌కెట్ పాతదాని మందమే వేశాడు. నేను అడగకముందే కొలిచి చూశాడు, బెజవాడ అక్కా.

బిగించేటప్పుడు ఫుట్ వాల్వు కూడా బయటికి లాగాం. జాలీలో ఒక పాలిథిన్ కవర్ ముక్క, దాని చుట్టూ నాచు. నీళ్లు తక్కువ వస్తున్నాయని ఆర్నెల్లుగా నాన్న అంటుంటే మోటార్ ముసలిదైందనుకున్నాం, సగం కారణం అదే. ఇప్పుడు ట్యాంకు 40 నిమిషాల్లో నిండుతోంది. మధ్య సందు పొడిగా ఉంది. పైన పైపులు కలిపే యూనియన్ దగ్గర ఒక చుక్క వచ్చింది, సఫేదా పేస్టు పూసి, దారం చుట్టి బిగిస్తే అది కూడా ఆగింది.

కాయిల్ అన్నా, వాల్వు సంగతి అడిగా. 12 ఏళ్లుగా మూసే స్టార్ట్ చేస్తున్నారట. మా తాత పొలం దగ్గర మోటార్‌కి అలాగే చేసేవాడు అన్నారు. వాల్వు చక్రం ఊడదీసి నా బ్యాగులో వేసుకొచ్చేశా.

ఫ్లోట్ స్విచ్ వచ్చే వారం పెడతారు. అమ్మ మాత్రం కరివేపాకు చెట్టుకి ఇంక విడిగా నీళ్లు పోయాలంటే గుర్తుండదని అంటోంది.